బండి చివర్నుంచి మొదలైన రోజు

గోడ మీది ఆ తెరంటే పెద్దాయనకి మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఐదు కొట్లలోని బిల్లు మిషన్లన్నిటినీ దానికి కలిపి, ఎక్కడ ఏం అమ్ముడవుతోందో, ఏం తిరిగొస్తోందో అప్పటికప్పుడు కనపడేలా కోడలు పట్టుబట్టి పెట్టించినప్పుడు ఆయన అన్నది ఒక్కటే మాట: "బ్రెడ్డు కాల్చడానికి పొయ్యి కావాలి గానీ టీవీ ఎందుకమ్మా?" ఆ రోజు నుంచి బేకరీ ఆఫీసు గదిలోకి వస్తే చాలు, దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున్నే దాని ఎదురుగా కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని, ముసిముసిగా నవ్వుతూ కనపడితే కోడలి గుండె గుభేలుమనదూ!

"రా అమ్మాయ్, రా. నీ టీవీని అనవసరంగా ఆడిపోసుకున్నాను. బంగారంలాంటి టీవీ. ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటున్నదే ఇదీ చెప్తోంది" అన్నాడు.

తెర మీద ఐదు కొట్లకీ ఐదు నిలువు పట్టీలు. నాలుగు పచ్చగా, ఏపుగా ఉన్నాయి. ఐదోది పొట్టిగా, ఎర్రగా ఉంది. అది స్టేషన్ కొట్టు. రైల్వే స్టేషన్ గేటుకి ఎదురుగా ఉన్న ఆ కొట్టు నడిపేది పెద్దాయన కూతురు చిట్టి. కొట్లన్నిటికీ మేనేజరు కోడలే అయినా నిర్ణయాలు మాత్రం పెద్దాయనవి. ఆయన వేలు పైకెత్తి ఆ ఎర్రపట్టీని చూపించాడు.

"అమ్మకం అందరికన్నా తక్కువ. తిరిగొచ్చే సరుకు అందరికన్నా ఎక్కువ. శుక్రవారం అందరం కూర్చుంటాం కదా, ఆ కొట్టు మూసేద్దాం. చిట్టి వచ్చి పెద్దకొట్లో నా పక్కన కూర్చుంటుంది. ఎండలో ఆ తిప్పలేంటి దానికి?"

కోడలు నెత్తి కొట్టుకుంది. ఆ కొట్టు తనకి కావాలని చిట్టి తండ్రితో పోట్లాడినప్పుడు "నాదీ పూచీ, మావయ్యా" అని ముందుకొచ్చింది తనే. అమ్మకం ఒక హద్దు దాటకపోతే ఎర్రరంగు పడాలని చెప్పి పెట్టించిందీ తనే. సొంత చేత్తో ఆడపడుచు కొట్టుకి ఎసరు పెట్టినట్టయింది కదా, కర్మ!

చిట్టికి ఫోన్ చేసి విషయం చెప్పింది. అవతల రైలు కూత వినపడింది.

"బాగుంది వదినా. ఇన్నాళ్ళూ నాన్న ఒక్కడే తిట్టేవాడు. ఇప్పుడు గోడ కూడా తిడుతోంది" అంది చిట్టి.

"ఏయ్, నీ వెటకారం తర్వాత. అసలు అమ్మకం ఎందుకు లేదు చెప్పు?"

"బన్లు లేనిదే ఏం అమ్మను? నా తల అమ్మనా? నాన్నకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. 'వచ్చినవి అమ్మడమే వ్యాపారం' అంటాడు. ఇంక అడగనని ఒట్టేసుకున్నాను. పెద్దకొట్లో నాన్న పక్కన కూర్చుంటే, వదినా, నేను మళ్ళీ చిన్నపిల్లనైపోతాను. నాకీ కొట్టు కావాలి."

ఫోన్ పెట్టేశాక కోడలు చీర కొంగు బిగించి తెర ముందు కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది పైపై పట్టీలే. మొత్తం ఎంత, ఏ కొట్టు ముందు, ఏది వెనక, అంతే. ఇప్పుడు స్టేషన్ కొట్టు మీద నొక్కి, గంటల వారీగా విడదీసింది. విడదీసి చూసి కళ్ళు పెద్దవి చేసింది! పొద్దున బేకరీ నుంచి సరుకు బండి వచ్చిన గంటలో అమ్మకం అమాంతం లేచింది. తర్వాత దభీమని పడిపోయింది. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా నేలబారుగా ఒకటే గీత. నిన్నా అంతే, మొన్నా అంతే, రోజూ అదే వరస.

పగలంతా రైళ్ళు వస్తూనే ఉంటాయి కదా, మరి జనం ఒక్కసారిగా ఎటు పోయారు? ఈసారి సరుకుల వారీగా విడదీసింది. ఆ మొదటి గంటలో అమ్ముడైనవన్నీ బన్లు. ఉన్న కాసిని బన్లూ అయిపోగానే గీత పడిపోతోంది. తిరిగొస్తున్నవన్నీ ఇంటిల్లిపాదికీ సరిపోయే పెద్ద బ్రెడ్లు! చేతిలో పెట్టె, చంకలో బిడ్డతో రైలెక్కేవాళ్ళు అంత బ్రెడ్డు కొని ఏ చేత్తో పట్టుకుంటారు?

ఆత్రంగా పెద్దకొట్టు మీద నొక్కింది. అక్కడ సాయంత్రానికి తిరిగొస్తున్నవేంటి? బన్లు! చిట్టి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసే ఆ బన్లే, పెద్దకొట్లో ఎండిపోయి వెనక్కి వస్తున్నాయి. కోడలు కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. గెంతితే మోకాలు బల్లకి కొట్టుకుంది. అయినా సరే, నవ్వు ఆగలేదు.

ఎందుకలా జరుగుతోందో ఆమెకి వెంటనే తట్టింది. ఆ ఇంట్లో బండికి ఒక మర్యాద ఉంది. ఏ కొట్టు ముందు పుట్టిందో బండి ముందు అక్కడికే వెళ్ళాలి. మొదట పెద్దకొట్టు, తర్వాత పెద్దబావగారి మార్కెట్ కొట్టు, ఆ తర్వాత ఇంకో రెండు, అన్నిటికన్నా వెనక పుట్టింది కాబట్టి చిట్టి కొట్టు ఆఖర్న. వెళ్ళిన చోటల్లా బండి తలుపు తీస్తే ఎవరికి కావాల్సింది వాళ్ళు దించేసుకోవడమే. వయసుకి ఇచ్చే గౌరవం మనుషులకైతే సరే, బన్లక్కూడానా? అందరూ ఏరుకోగా మిగిలింది చిట్టి మొహాన పడుతోంది. అది అమ్మలేకపోతే చిట్టి చేతకానిది!

కానీ బన్లు అందితే చిట్టి అమ్ముతుందని రుజువేది? పెద్దాయన ముందు అడిగేది అదే. వెనకటి వారాలన్నీ తిరగేస్తుంటే, తనే పక్కకి నెట్టేసిన ఒక రోజు కనపడింది. ఆ మంగళవారం స్టేషన్ పట్టీ పెద్దకొట్టుని కూడా మించి లేచింది. అప్పట్లో బిల్లు మిషన్‌కి పిచ్చెక్కిందనుకుని, 'తప్పు లెక్క' అని ముద్ర కొట్టి, ఆ రోజుని లెక్కలోంచి తీసేసింది.  పరుగున బయటికొచ్చింది.

వాకిట్లో డ్రైవర్ బాబాయ్ బండి తుడుస్తున్నాడు. పెద్దాయనతో పాటే తల నెరిసిన మనిషి.

"బాబాయ్! పోయిన నెల ఒక మంగళవారం బండి ఎటు నుంచి వెళ్ళింది?"

"అయ్యో కోడలమ్మా, గుర్తు చెయ్యకండి. పెద్దకొట్టు వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వేశారు కదా. చేసేది లేక స్టేషన్ నుంచి మొదలెట్టి, వాళ్ళు పూడ్చాక పెద్దకొట్టుకొచ్చాను. ఆ రోజు పెద్దాయన పెట్టిన తిట్లు నాకింకా అరగలేదు."

"నీ నోట్లో పంచదార పొయ్యా!" అని కోడలు చప్పట్లు కొట్టింది. తిట్లు తిన్నందుకు పంచదార ఎందుకో ఆయనకి అంతు పట్టలేదు.

పెద్దాయన పొయ్యి దగ్గర నిలబడి, వేడి బ్రెడ్డు వెనక వేలితో కొట్టి చప్పుడు వింటున్నాడు. కోడలు ఆయన్ని దాదాపు లాక్కొచ్చినంత పని చేసి తెర ముందు కూర్చోబెట్టింది. గీతలన్నీ చూపించింది. బన్లు ఎక్కడ ఎండుతున్నాయో, ఎక్కడ అందట్లేదో చూపించింది. ఆఖరికి ఆ మంగళవారం చూపించి, బండిని చివర్నుంచి పంపమని అడిగింది. అంతే, పెద్దాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"పెద్దకొట్టు మీదుగా బండి ఆగకుండా పోవడమా? ఈ బేకరీ పుట్టిందే ఆ కొట్లో!"

"పుట్టింది అక్కడే మావయ్యా, కాదన్నదెవరు? కానీ ఆ సంగతి బన్నుకి తెలీదు కదా. సాయంత్రానికి ఎండిపోయి మన దగ్గరికే వస్తోంది."

"ఒక్కరోజు లెక్క పట్టుకొచ్చి నన్ను ఊపేస్తావేంటి? ఆ రోజు ఏ రైలో లేటై ఉంటుంది, జనం ఎగబడి ఉంటారు. అప్పుడేం చేస్తావ్?"

 ముసలాయన గట్టివాడే మరి! ఆ మాట కోడలికి తట్టనే లేదు. ఒక్కరోజుని నమ్మి అడుగేస్తే, తను ఇన్నాళ్ళూ పైపట్టీలు నమ్మినదానికీ దీనికీ తేడా ఏముంది?

"అయితే శుక్రవారం దాకా చూద్దాం మావయ్యా. రోజూ. ఎవరి ట్రేలు వాళ్ళకి ఇక్కడే సర్దుతాను, ఎక్కడ ఏది పోతుందో చూసి మరీ. ఒక్కో కొట్టుకి ఒక్కో రంగు టేపు. వేరే రంగు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

పెద్దాయన తెర వంక చూశాడు. "సరే. కానీ శుక్రవారానికి ఆ ఎర్రపట్టీ పచ్చబడకపోతే తాళం నువ్వే వెయ్యాలి. నీ చేత్తో. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను" అంది కోడలు. 

మంగళవారం బండి స్టేషన్ నుంచి మొదలైంది. కోడలు తెర ముందు నుంచి కదిలితే ఒట్టు. బన్ను అమ్ముడైనప్పుడల్లా ఎర్రపట్టీ ఇంత పైకి జరుగుతుంటే, "అదిగో! అదిగో!" అని ఒక్కతే కేకలు. పొయ్యి దగ్గరున్న భర్త కంగారుపడి, ఏం తగలబడిందోనని పిండి చేతులతో పరిగెత్తుకొచ్చాడు. గీత ఈసారి దభీమని పడలేదు. రైలు రైలుకీ ఒక మెట్టు లేస్తూ, మధ్యాహ్నం దాటినా నడుస్తూనే ఉంది. మార్కెట్ కొట్టు దగ్గర పెద్దబావగారు అలవాటు చొప్పున ఇంకో రంగు ట్రే మీద చెయ్యి వేస్తే, డ్రైవర్ బాబాయ్ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడట. "కోడలమ్మ ఆర్డరు బాబూ, నన్నేమీ అనకండి" అన్నాడట.

బుధవారం జోరున వాన. ఐదు పట్టీలూ చతికిలబడ్డాయి. కోడలికి అన్నం సయించలేదు. పెద్దాయన మాత్రం మంచినీళ్ళ వంకతో గంటకోసారి ఆఫీసు గదిలోకి రావడం మొదలెట్టాడు. గ్లాసు నోటి దగ్గర, చూపు తెర మీద. "ఈ ఆఫీసు నీళ్ళు చల్లగా ఉంటాయి" అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఆ గదిలో కుండా లేదు, ఫ్రిజ్జూ లేదు.

గురువారం వాన తెరిపిచ్చింది. ఆగిన జనమంతా ఒకేసారి ప్రయాణం కట్టినట్టున్నారు, స్టేషన్ పట్టీ పరుగు అందుకుంది. అయినా ఎరుపు పోలేదు.

శుక్రవారం ఆఫీసు గదిలో నలుగురు కొట్లవాళ్ళూ చేరారు. చిట్టి రాలేదు. "రాలేను వదినా, గేటు దాకా జనం! ఇప్పుడు షట్టరు దించితే నన్ను కొట్టేస్తారు. మూసేస్తే మూసేశామని ఫోన్ చెయ్యండి" అని ఫోన్లో గబగబా చెప్పి పెట్టేసింది. తన కొట్టు ఉంటుందో పోతుందో తేలే చోటికి రావడానికి ఆ పిల్లకి తీరిక లేకపోయింది.

పెద్దబావగారు ఏదో అనబోయాడు. "ఉండరా!" అన్నాడు పెద్దాయన. ఆయన లేచి తెరకి మూరెడు దూరంలో నిలబడ్డాడు. వారం మొత్తం కలిపిన పట్టీలవి. ఎర్రపట్టీ ఆ హద్దుని అందుకుంది. దాటింది. దాటగానే పచ్చబడింది! కోడలు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. అది ఆగితేనా! నాలుగో కొట్టునీ, మూడో కొట్టునీ దాటింది. మార్కెట్ కొట్టుని రాసుకుంటూ పోయింది. ఇక మిగిలింది పెద్దకొట్టు.

"ఇంకొక్క రైలు!" అని గొణిగాడు పెద్దాయన. "రానీ, ఒక్క రైలు రానీ!"

రైలొచ్చింది కాబోలు. పట్టీ పైకి జరిగింది, ఇంకొంచెం జరిగింది, పెద్దకొట్టుని మించిపోయింది. "కొట్టేసింది రోయ్!" అని పెద్దాయన పెట్టిన కేకకి పొయ్యి దగ్గరివాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. "నా కొట్టునే దాటేసింది నా కూతురు!" తలగుడ్డ తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్ళి తెర మీదే పడింది. డ్రైవర్ బాబాయ్ తియ్యబోతే, "జాగ్రత్తగా తియ్యరా, తెర మీద గీతలు పడగలవు" అని కసురుకున్నాడు.

గుడ్డ తీశాక పెద్దాయన మళ్ళీ తెర వంక తిరిగాడు. ఈసారి అరవలేదు. తన కొట్టు పట్టీని వేలితో చూపించాడు.

"నాదేం తగ్గలేదే?"

"తగ్గలేదు మావయ్యా. మీకు ఎండిపోయే బన్లే అటు వెళ్ళాయి. మీ కొట్లో తిరిగొచ్చేది ఆగిపోయింది, అంతే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అడిగింది" అన్నాడు. "బన్లు రావట్లేదు నాన్నా అని అడిగింది. అమ్మలేక సాకులు చెప్తోందనుకున్నాను. వచ్చినవి అమ్మమన్నాను." కళ్ళు తుడుచుకోవడానికి తలగుడ్డ కోసం వెతుక్కున్నాడు. అది బాబాయ్ చేతిలో ఉంది.

పెద్దాయన చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. అవతల మోగీ మోగీ, ఆఖరికి చిట్టి గొంతు వినపడింది. వెనక జనం గోల.

"చెప్పు నాన్నా. మూసేశారా?" అంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. సరుకు కావాల్సిన పెద్ద పెద్ద వ్యాపారులతో మాట్లాడేటప్పుడు పెట్టే గొంతు అది. కోడలు ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"రేపటికి నీకేం కావాలో చెప్పు తల్లీ. నువ్వు చెప్పాకే బండి ఎక్కిస్తాం."

అవతల ఒక రైలు వచ్చి ఆగిన చప్పుడు. ఆ తర్వాత చిట్టి ముక్కు ఎగబీల్చింది.

"బన్లు నాన్నా" అంది. "చాలా కావాలి."