తొమ్మిదికి దించిన గాలి

గొట్టాన్ని నీళ్లలో ముంచి ఊది చూసింది గాలమ్మ. బుడగ రాలేదు. చిల్లు లేదన్నమాట. తుడిచి, చుట్ట చుట్టి సంచీలో పెట్టింది. తర్వాత కొత్త మాస్కుని మెషీనుకి తగిలించి, స్విచ్చి వేసి, తన చెంపకి ఆనించుకుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. కంపెనీ ఇచ్చిన మీటరు జేబులోనే ఉంటుంది గానీ, ముందు చెంప చెప్పాలి, తర్వాతే మీటరు.

అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకి ముక్కులోకి గాలి పంపే మెషీన్లని ఇంటింటికీ తిరిగి సరిచేస్తుంది కనక ఎవరో గాలమ్మ అన్నారు, అదే అతుక్కుపోయింది. కొత్తవాళ్లు గాలీ ధూళీ వదిలించే మనిషేమోనని గుమ్మంలోనే ఎగాదిగా చూస్తారు. యాభై మూడేళ్లు, పొట్టి మనిషి. సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది.

ఈ మంగళవారం ఆమె మనసంతా రెండో ఇంటి మీదే ఉంది. పోయిన మంగళవారం ఆ ఇంట్లో బాకా మాస్టారి మెషీన్లో గాలి ఒత్తిడిని పన్నెండు నుంచి తొమ్మిదికి దించింది. ఊపిరి ఆగుతుంటే గాలి పెంచుతారు గానీ దించుతారా అని డాక్టరుగారు ఫోన్లో గట్టిగానే అడిగారు. పావుగంట బతిమాలితే మెత్తబడ్డారు.

"సరే, నీ చెవి మీద నమ్మకంతో ఒక్క వారం. తేడా వచ్చిందో, ఇక నా దగ్గర నీ చెవి మాట ఎత్తకు."

ఆ చెవి కథ పాతది. నాన్నకి మిల్లులో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఒక్క గది ఇల్లు. పిల్లలు చప్పుడు చెయ్యకూడదు కనక ఎనిమిదేళ్ల గాలమ్మ గుమ్మంలో కూర్చుని నాన్న గురక వినేది. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. వేళ్ల మీద లెక్కపెట్టేది. పదకొండుకో పన్నెండుకో పెద్ద చప్పుడుతో నాన్న తిరిగొచ్చేవాడు. ఎందుకలా ఆగిపోతాడని అడిగితే, "అలిసిపోయాడే, పడుకోనీ" అనేది అమ్మ. దాన్నెవరూ జబ్బనుకోలేదు, నాన్న తీరే అంత అనుకున్నారు. ఇప్పటికీ ఎవరి మంచం పక్కన స్టూలు వేసుకున్నా గుమ్మంలో పడే ఆ ఎండే గుర్తొస్తుంది. ఎంత హాయిగా ఉండేవి ఆ మధ్యాహ్నాలు!

మొదటి ఇల్లు ఒక టైలరుది.

"ముక్కు మీద గీత పడిపోతోందక్కా. కస్టమర్లు అడుగుతున్నారు, ఎవరు కొట్టారని."

"నువ్వు కుట్టే జాకెట్లు కూడా ఇంత బిగుతేనా?" అని పట్టీలు రెండు వేళ్లు దూరేంత వదులు చేసింది. టైలరు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గానీ కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

రెండు వీధులు నడిస్తే మాస్టారి ఇల్లు. ఆయన ముప్పై నాలుగేళ్లు బ్యాండులో బాకా ఊదారు. "అన్నేళ్లు ఊదినవాణ్ణి, నా మొహంలోకి ఎవడో ఊదుతుంటే ఊరుకుంటానా?" అనేవారు. ఊరుకోలేదు కూడా, నిద్రలోనూ ఎదురూదారు. రిపోర్టు చూసి కంపెనీవాళ్లు గాలి పెంచడం, ఆయన ఇంకా గట్టిగా ఎదురూదడం. ఎనిమిదితో మొదలైన పంతం పన్నెండుకి చేరింది.

పోయిన వారం ఆయన్ని పడుకోబెట్టి, కళ్లు మూసుకుని, ఆయనతో పాటే ఊపిరి తీసింది. ఆయన కునుకులోకి జారారు. నిండా పీల్చి, బిగబట్టి ఆగుతున్నారు. గొంతు మూసుకుపోయి కాదు. పాట ఎత్తుకునే ముందు బ్యాండు నాయకుడు చెయ్యి ఊపేదాకా ఆగినట్టు ఆగుతున్నారు. అందుకే దించింది. ఊపిరి వదిలేటప్పుడు గాలి తగ్గేలా, మొదటి ఇరవై నిమిషాలూ మెల్లిగా పెరిగేలా పెట్టింది. లేచాక మాస్టారు తలూపారు.

"ఇది తాళంలో ఉంది గాలమ్మా. ఇదీ కుదరకపోతే మాత్రం అటకెక్కిస్తా. మంగళవారం నువ్వే చూద్దువుగాని."

ఇవాళ తలుపు ఆయన భార్య తీశారు. ఆవిడ వెనక గోడకి మడత కుర్చీలు ఆనించి ఉన్నాయి, ఇద్దరున్న ఇంటికి చాలా ఎక్కువ.

"రా తల్లీ. ఆయన లేరు. శుక్రవారం పొద్దున పోయారు."

గాలమ్మ సంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

"గాలి తగ్గించినందుకే పోయాడంటున్నాడు మా మరిది. నాకేం తెలుసు? నువ్వొచ్చి చెప్పేదాకా ఆ పెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

మెషీన్లోంచి రాత్రిళ్ల ఊపిరి లెక్కలుండే కార్డు తీసింది గాలమ్మ. లాప్‌టాప్‌లో గురువారం రాత్రి గీతలు మెల్లిగా తెరుచుకున్నాయి. ఒకసారి చదివింది. నమ్మకం కుదరక మళ్లీ చదివింది. గంటకి పంతొమ్మిదిసార్లు ఆగే ఊపిరి రెండేసిసార్లే ఆగింది.

"ఏడు గంటల పది నిమిషాలు పడుకున్నారు పిన్నిగారూ. ఈ మూడేళ్లలో ఇంత మంచి నిద్ర లేదు. ఐదూ యాభై రెండుకి మెషీను ఆపేశారు. మాస్కు లాగి పారెయ్యలేదు, బటను నొక్కి ఆపారు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అవును, లేచారు. మాస్కు కడుక్కున్నారు, నువ్వు చెప్పినట్టే. 'చాన్నాళ్లకి కలొచ్చిందే, బ్యాండంతా వచ్చారు, ఒక్కడూ ఆలస్యం కాలేదు' అని నవ్వారు. నేను పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. గుండె అన్నారు డాక్టరు." తెర వైపు చూస్తూ అడిగారు, "అయితే పడుకున్నారంటావు?"

"పడుకున్నారు."

గాలమ్మకి ఏడుపొచ్చింది. దాంతోపాటు సిగ్గుపడేంత సంతోషం కూడా వచ్చింది. రెండూ దాచుకోలేదు. ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత గాలమ్మ ఆ లెక్కలన్నీ మరిదికి చూపించడానికి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చింది. మెషీను తుడిచి, గొట్టం చుట్టి సంచీలో సర్దింది.

"మాస్కు కూడా తీసుకెళ్తావా?"

"అది ఇంకొకరికి పనికిరాదు పిన్నిగారూ. కంపెనీవాళ్లు పారెయ్యమంటారు."

"అయితే ఉండనీ."

కిటికీ పక్క మేకుకి, బాకాని ఆనుకుని, శుక్రవారం పొద్దున ఆయన కడిగి ఆరేసిన మాస్కు వదులు పట్టీలతో ఇంకా వేలాడుతోంది.