డెమో పిల్ల

ఆదివారం పొద్దున ధర్మవరంలో బస్సెక్కేటప్పుడు హేమావతికి కూడా ఆశగానే ఉంది. కూతురు శ్రుతికి ఆరో తరగతి అయిపోయింది. లెక్కలంటే పడిచచ్చే పిల్ల. నాయన ధనుంజయ మగ్గం మీద కూర్చుంటే పక్కన చేరి, చీర అంచులో వరసకు ఎన్ని మామిడి పిందెలు పడతాయో, కొంగు వచ్చేసరికి మొత్తం ఎన్నవుతాయో నోటితోనే కట్టి చెప్పేది. ఇలాంటి పిల్లల కోసమే హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూలు 'అడ్వాన్స్‌డ్ బ్యాచ్' పెట్టిందని, ఏడో తరగతిలోనే పదో తరగతి లెక్కలు, ఆపైన ఇంటర్ లెక్కలు చెబుతారని, హాస్టలు కూడా ఉందని, సెలెక్షన్ టెస్టులో నెగ్గినవాళ్లకే సీటని ధనుంజయ ఎక్కడో విని వచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో అదే మాట.

టెస్టు, తల్లిదండ్రుల మీటింగు రెండూ ఒక కల్యాణ మంటపంలో పెట్టారు. ముందురోజు అక్కడ పెళ్లి జరిగినట్టుంది. గుమ్మం దగ్గరే వాడిన పూలదండల కుప్ప, ఎంగిలి ఆకులు కుక్కిన బస్తాలు, వాటి మీద ముసిరిన ఈగలు. పులిసిన సాంబారు వాసన లోపలిదాకా వస్తోంది. వేదిక వెనక పెళ్లికూతురి పేరులోని థర్మాకోల్ అక్షరాలు సగం ఊడి వేలాడుతున్నాయి. వాటిని కప్పేస్తూ స్కూలు ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ నిండా పిల్లల ముఖాలు, ముఖాల కింద ర్యాంకులు.

పిల్లల్ని భోజనాల హాల్లో కూర్చోబెట్టి టెస్టు రాయించారు. బయటికి వచ్చిన శ్రుతి ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, ఒక లెక్క శానా కష్టముండె. రెండుసార్లు తప్పొచ్చి కొట్టేసినా. మూడోసారి వచ్చింది. ఎట్ల చేసినానో పక్కన అంతా రాసినా. సార్లు చదువుతారు కదా?"

"చదవకుండా ఎట్ల సెలెక్ట్ చేస్తారు పాపా" అన్నాడు ధనుంజయ.

తర్వాత మీటింగు మొదలైంది. నాగేష్ అనే కోఆర్డినేటర్ టై సర్దుకుంటూ మైకు అందుకున్నాడు. ఏడో తరగతిలో ఏడో తరగతి పాఠాలే చదివే పిల్లలు జీవితమంతా ఇంకొకళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతారని చెప్పాడు. తల్లిదండ్రులు తలలూపారు. అప్పుడు ఒక ఆడపిల్లను వేదిక మీదికి తెచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంది. మెడలో నీలం టై.

"ఈ అమ్మాయి గౌరి. పోయిన సంవత్సరం మా బ్యాచ్‌లో చేరింది. వాళ్లమ్మ పెనుకొండ బస్టాండులో పూలమ్ముకుంటుంది. తండ్రి లేడు. అలాంటి ఇంటి పిల్లను మేమెలా తయారు చేశామో మీరే చూడండి!"

సంతలో కోడెదూడ నోరు తెరిచి పళ్లు చూపించినట్టుంది ఆ చెప్పడం. హేమావతికి ఒళ్లు చిటచిటలాడింది.

నాగేష్ ప్రశ్నలు అడిగాడు. పెద్ద పెద్ద సంఖ్యల వర్గమూలాలు, ఇంటర్ పుస్తకంలోని సూత్రాలు. ప్రశ్న పూర్తి కాకముందే ఆ పిల్ల జవాబు చెప్పేస్తోంది. చూపు మాత్రం ఎదుటి గోడ మీదే. ఒక్కో జవాబుకూ చప్పట్లు. ధనుంజయ అందరికంటే గట్టిగా కొడుతున్నాడు. అలా చెబుతూ చెబుతూ ఆ పిల్ల ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి వాంతి బయటికొచ్చింది. టై మీద, బూట్ల మీద, వేదిక మీద నల్లటి కాఫీ రంగు నీళ్లు.

ముందు వరసలో ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఒకాయన సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

"బ్రెయిన్ అంత స్పీడుగా పనిచేస్తుంటే బాడీకి కొంచెం కష్టమే మరి!" అన్నాడు నాగేష్ మైకులో. హాలంతా నవ్వింది. ఇద్దరు టీచర్లు గౌరిని రెక్కలు పట్టుకుని వెనక్కి తీసుకుపోయారు. ఆ తడికి అడుగు దూరంలోనే ఇంకో పిల్లవాణ్ణి నిలబెట్టి మళ్లీ ప్రశ్నలు మొదలుపెట్టారు.

హేమావతి లేచింది.

"యాడికి పోతాండావు? కూర్చో" అన్నాడు ధనుంజయ.

"ఆ పాపకు నీళ్లన్నా ఇచ్చినారో లేదో చూసొస్తా."

పెళ్లికూతురి కోసం ఉన్న గదిలో గౌరి ఒక్కతే గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. హేమావతి తన సీసాలో నీళ్లతో దాని ముఖం కడిగి కొంగుతో తుడిచింది.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఏం తినలేదాంటీ. తింటే నిద్దరొస్తాదని పెట్టలేదు. కాఫీ ఇచ్చినారు. ఇంగోసారి కూడా ఇచ్చినారు."

"అంత బిరబిరా లెక్కలు ఎట్ల చెప్తాండావు?"

"అవి లెక్కలు కాదాంటీ, బట్టీ. సార్ వరసగా అడుగుతాడు, నేను వరసగా చెప్తా. వరస తప్పితే నాకేం రాదు." ఆ పిల్లే మళ్లీ అంది, "ముందు నాకు లెక్కలంటే శానా ఇష్టముండె."

"మీ అమ్మకు చెప్పలేదా?"

"ఫోన్ చేసేటప్పుడు సార్ పక్కనే ఉంటాడు." గౌరి హేమావతి చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ పేరు ఓబులమ్మ. పెనుకొండ బస్టాండులోనే ఉంటాది. నన్ను పిల్చుకపొమ్మని చెప్తావా ఆంటీ?"

హేమావతి చెబుతానంది. బయటికి వచ్చేసరికి ఆయా వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని వాంతి ఎత్తుతోంది. గుడ్డ లేదు. కాగితాల కట్ట ఒకటి పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే తడి మీద వేసి అదుముతోంది. ఆ కాగితాల్లో గుండ్రటి అక్షరాలు చూసి హేమావతి ఆగిపోయింది. రెండుసార్లు కొట్టేసి, మూడోసారి చేసిన లెక్క. పక్కన పొందికగా రాసిన వివరం. పైన శ్రుతి పేరు. చూస్తుండగానే ఆయా దాన్ని కూడా తడి మీద వేసి నొక్కింది.

సరిగ్గా అప్పుడే మైకులో సెలెక్ట్ అయినవాళ్ల పేర్లు చదువుతున్నారు. శ్రుతి పేరు కూడా చదివారు. హేమావతి గబగబా ముందుకు నడిచింది. వేదిక దిగుతున్న నాగేష్‌కు అడ్డం వెళ్లి నిలబడింది.

"సార్, ఈ పేపర్లు ఎవరు దిద్దినారు?"

"అంతా సిస్టమ్‌లో అయిపోయింది మేడమ్. మీ పాప టాప్‌లో ఉంది."

"చేత్తో రాసిన పేపరు సిస్టమ్ ఎట్ల దిద్దుతాది సార్? ఆయమ్మ దాంతో వాంతి తుడుస్తాండాది, చూడండి."

అతను అటువైపు తిరగనే లేదు. "మీకెందుకు మేడమ్ ఆ టెన్షన్? సీటు వచ్చింది కదా" అని చిరునవ్వు నవ్వి వెళ్లిపోయాడు.

ధనుంజయ అప్పటికే కూతురి పేరు రాయించేసి, స్కూలు వాళ్లిచ్చిన లడ్డూ డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర ఎదురు చూస్తున్నాడు.

పెనుకొండ మీదుగా ఇంటికి వెళ్లే బస్సులో హేమావతి జరిగిందంతా భర్తకు చెప్పి, అక్కడ దిగి ఓబులమ్మను చూసి పోదామంది. కాగితాల మాట ఒక్కటే దాచుకుంది.

"ఆ పిల్ల బలహీనముండాది, అంతే" అన్నాడు ధనుంజయ. "మన పాపకు మనం గుడ్లు, పాలు పెట్టించమని చెప్తాం. ఫీజు దుడ్లు కట్టేటోళ్ల పిల్లల్ని అట్ల చూడర్లే."

హేమావతి భర్త ముఖంలోకి చూసింది. పదమూడేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి. పరాయి పిల్ల ఖాళీ కడుపుతో జవాబులు చెబుతుంటే చప్పట్లు కొట్టిన చేతులు ఇప్పుడు లడ్డూ డబ్బా మూత తెరుస్తున్నాయి.

"ఆ పిల్ల ఎవురి పిల్లయితే మాత్రం? నువ్వు మనిషివేనా అప్పా!" అంది గట్టిగా. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు.

"అరవద్దు. నా బిడ్డ సెలెక్ట్ అయ్యింది. అది ఓర్చుకోలేక ఏదేదో మాట్లాడుతాండావు."

ఆ మాటతో హేమావతి దాచుకున్నది కూడా బయటపడింది. శ్రుతి రాసిన పేపరు ఎవరూ చదవలేదని, దేనికి వాడారో కూడా చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది గానీ అప్పటికే శ్రుతి వినేసింది.

"అబద్ధం" అంది శ్రుతి. కిటికీ వైపు తిరిగి, పెనుకొండ వచ్చేదాకా ఇటు చూడలేదు.

బస్టాండులో ఓబులమ్మను కనుక్కోవడం కష్టం కాలేదు. బస్సులు ఆగేచోటికి ఎదురుగా కనకాంబరాల గంప పెట్టుకుని కూర్చుని ఉంది. గౌరి పేరు చెప్పగానే ముఖమంతా నవ్వయింది.

"మా గౌరిని చూసినారా అక్కా? స్టేజీ మీద మాట్లాడిందా? దానికి ఫీజే లేదు తెలుసునా! దాని ఫోటో ఫ్లెక్సీల మీద యాడ చూసినా ఉండాది."

హేమావతి మెల్లగా చెప్పింది. కాఫీ మాట చెప్పింది, వాంతి మాట చెప్పింది, అందరూ నవ్విన మాట కూడా చెప్పింది. వింటున్నకొద్దీ ఓబులమ్మ చేతులు పూలు కట్టడం మానేశాయి. కానీ నమ్మడానికి ఆమెకు మనసొప్పలేదు.

"మీరెవరో నాకు తెలీదు. అంత పెద్ద స్కూలోళ్లు అట్ల చేస్తారా?" అంటూ స్కూలుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. నాగేష్ గొంతు తియ్యగా పలికింది. గౌరి చాలా బాగా చేసిందనీ, కడుపునిండా బిర్యానీ తిన్నదనీ చెప్పి, ఫోన్ గౌరికిచ్చాడు.

"నేను బాగున్నాను మమ్మీ. బాగా చదువుకుంటున్నాను. మీరేమీ బాధపడకండి" అంది గౌరి. వర్గమూలాలు చెప్పిన గొంతే అది, ఎక్కడా తొణకలేదు.

ఫోన్ పెట్టేశారు. "చూసినావా? బాగుండాననే చెప్పింది కదా పాప" అన్నాడు ధనుంజయ.

ఓబులమ్మ అతని మాట వినిపించుకోలేదు.

"నన్ను మీరు అనింది" అంది ఫోన్ వైపే చూస్తూ. "కడుపులోంచి పడినప్పట్నుంచి అది నన్ను మీరు అనలేదు. ఏమ్మా అంటాది, నువ్వు అంటాది, తిట్టినా నువ్వనే తిడతాది. పక్కనోడు ఎట్ల చెప్పమంటే అట్ల చెప్తాండాది అక్కా నా బిడ్డ."

గంప పక్కనామెకు అప్పజెప్పి లేచి నిలబడింది. హిందూపురం బస్సు కదలబోతోంది.

"నేనూ వస్తా, పోదాం పా అక్కా" అంది హేమావతి. శ్రుతిని తీసుకుని ఇంటికి పొమ్మని ధనుంజయతో చెప్పి, అతను ఏదో అంటుండగానే బస్సెక్కేసింది.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఈరోజు పిల్లల్ని చూడనివ్వం అన్నాడు. ఓబులమ్మ గేటు ఊచలు పట్టుకుని కూతుర్ని పేరు పెట్టి కేకలేసింది. రోడ్డున పోయేవాళ్లు గుమిగూడేసరికి నాగేష్ బయటికొచ్చాడు. ఫోన్‌లో పలికిన తియ్యటి గొంతు ఇప్పుడు లేదు.

"ఊరికే చదువు చెప్తుంటే విలువ తెలియదు మీకు. ఇప్పుడు తీసుకుపోతే టీసీ ఇవ్వం. ఏ స్కూల్లోనూ చేర్చుకోరు."

"టీసీ నువ్వే పెట్టుకోప్పా. బిడ్డనియ్యి" అంది ఓబులమ్మ.

"నా కూతురు శ్రుతి పేరు కూడా కొట్టేయండి" అంది హేమావతి. "కారణం అడిగితే, పేపరు తడిసిపోయిందని రాసుకోండి."

గౌరి రేకుపెట్టె మోసుకుంటూ వచ్చింది. ఇంకా అదే టై మెడలో ఉంది. ఓబులమ్మ దాన్ని విప్పి గేటు లోపలికి విసిరేసింది. ముగ్గురూ పెనుకొండ బస్సెక్కారు. గౌరి తల్లి ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. వారం తర్వాత ఓబులమ్మ ఫోన్ చేసింది. ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరు టీసీ సంగతి తర్వాత చూద్దామని గౌరిని కూర్చోబెట్టుకున్నాడట.

హేమావతి ఇంట్లో మాత్రం అంత సులభంగా తేలలేదు. శ్రుతి పాత స్కూల్లోనే ఏడో తరగతిలో చేరింది కానీ లెక్కల పుస్తకం ముట్టలేదు. "నాకు లెక్కలొస్తాయని ఎవురు చెప్పినారు? ఎవురూ చూడలేదు కదా" అని ఒకసారి తల్లి మీద విరుచుకుపడింది. ధనుంజయ ఎదురింటివాళ్లకు, చీరల షాపుల్లో, టీ అంగట్లో ఒకటే చెబుతున్నాడు. మా పాప టాప్‌లో సెలెక్ట్ అయ్యింది, దూరమని మేమే పంపలేదు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా హేమావతికి అతను తిన్న కంచం కడగాలన్నా రోత పుట్టేది.

ఒకరోజు శ్రుతి స్కూలు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ టెస్టులో ఇచ్చిన లెక్కలన్నీ గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసి, తన లెక్కల మేడమ్‌కు ఇచ్చిందట. ఆమె మధ్యాహ్నం అన్నం తినే వేళ కూర్చుని, ఎర్ర పెన్నుతో ఒక్కో వరసా దిద్దిందట.

"మూడు తప్పులంటమ్మా!" అంది శ్రుతి. ఆ పిల్ల నవ్వి చాలారోజులైంది. "ఆ కష్టమైన లెక్క కూడా తప్పే. యాడ తప్పినానో చెప్పింది. ఎనిమిదో తరగతి పుస్తకం కూడా ఇస్తాననింది, నెమ్మదిగా చెయ్యమనింది."

ఆ సాయంత్రమే పక్కింటి నారాయణమ్మ వచ్చి కూర్చుంది. ఆమె కొడుకు కూడా శ్రుతి తరగతే. హిందూపురంలో అసలేం జరిగిందని అడిగింది. హేమావతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. కాఫీ దగ్గర నారాయణమ్మ "అయ్యో" అంది. పేపర్ల దగ్గర "ఛీ ఛీ" అని ముఖం చిట్లించింది. గౌరి తల్లిని మీరు అన్నదగ్గర కళ్లు కూడా తుడుచుకుంది. అంతా అయ్యాక కొంచెం ముందుకు జరిగి, గొంతు తగ్గించింది.

"అయితే హేమా, మీ శ్రుతి సీటు ఖాళీగానే ఉంటాది కదా ఇంగ? మా వానికి అడిగితే ఇస్తారంటావా?"

"నెంబరు ఫ్లెక్సీ మీదుంటాది. పోయి చూసుకో" అని హేమావతి లేచి లోపలికి వెళ్లిపోయింది.

వారం తిరక్కముందే నారాయణమ్మ కొడుకు కొత్త పెట్టె పట్టుకుని హిందూపురం బస్సెక్కాడు.