గుండె బాగానే ఉందట

నా గుండెకు ఏ జబ్బూ లేదని తేలినందుకు మా ఇంట్లో స్తుతి కూడిక పెట్టారు. దానికి వచ్చేవాళ్లందరికీ వండడానికి పొద్దున్నుంచి నేను ఎల్లిగడ్డ రెబ్బల పొట్టు తీస్తూ ఉన్నాను. "దేవుడు ఇంత మేలు చేసిండు, నలుగురిని పిలువకపోతే ఎట్ల సుగుణా?" అన్నాడు మా ఆయన ఇమ్మానుయేలు. పిలిచేది ఆయన, వండేది నేను.

అయినా సంతోషంగానే ఉన్నాను, అబద్ధమెందుకు. రెండు నెలలుగా చచ్చిపోతాననే అనుకున్నాను. ఫోన్ మోగితే చాలు గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం. మా అమ్మాయి మౌనిక ములుగు దవాఖానలో నర్సు. రోజూ వరంగల్ నుంచి బస్సులో పోయి వస్తుంది. బస్సు కాస్త ఆలస్యమైతే నాకు రోడ్డు మీద బోల్తా పడ్డ బస్సే కనిపించేది. నేను పోతే పిల్ల ఆకలిని ఎవరు కనిపెడతారని ఏడ్చేదాన్ని. "పని తప్పించుకునే దడ ఇది" అనేది మా అత్త మరియమ్మ. "పనేం లేదు నీకు, అందుకే లేనిపోని ఫికర్" అనేవాడు మా ఆయన, తాగేసిన చాయ్ గ్లాసు నా వైపు చాపుతూ.

హన్మకొండ డాక్టరమ్మ ఈసీజీ, రక్త పరీక్షలు చూసి "గుండె మంచిగుందమ్మా" అనగానే కుర్చీలోనే ఏడ్చేశాను.

"మరి ఈ దడ ఎందుకొస్తాంది మేడం?"

"మెదడు నుంచి, వెన్నుపాము నుంచి ఒళ్లంతా నరాలు పోతయి. మనం చెప్పకున్నా పనిచేసేటివి అండ్ల రెండు రకాలు. కుక్క ఎంటపడ్డదనుకో, ఒక రకం గుండెను ఉరికిస్తయి, ఊపిరి పెంచుతయి, కడుపు పని ఆపుతయి. ఆపద పోయినంక రెండో రకం అన్నిటినీ నెమ్మది చేస్తయి. నీకు మొదటివి ఆగుతనే లేవు. రెండోవాటికి సందు దొరుకుతలేదు. ఎప్పుడన్న ఊకె కూసుంటవా?"

వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. "ఇయ్యాల కూసున్న మేడం. మీ బయటి బెంచీ మీద."

ఆమె నవ్వలేదు. ఊపిరిని మెల్లగా, పొడుగ్గా వదలడం నేర్పింది.

కూడిక రోజు సాయంత్రం మా ఇంట్లో చాపలు పరిచారు. పాట మొదలైంది. తలుపు పక్కన నిలబడి, పాస్టరు నా గుండె కోసం దేవునికి వందనాలు చెప్పడం విన్నాను. అంతలో మా ఆయన తల తిప్పకుండానే "సుగుణా, నీళ్లు" అన్నాడు. గుండె ఉరకడం మొదలుపెట్టింది. కుక్కా లేదు, బస్సూ లేదు. వట్టి నీళ్లు అడిగాడు, అంతే. ఈ గొంతుకు నా ఒళ్లు ఇన్నేళ్లుగా ఉరుకుతూనే ఉందని అప్పుడు తెలిసింది.

నీళ్ల చెంబు ఆయన ముందు పెట్టి, మౌనిక పక్కన చాప మీద కూర్చున్నాను.

"కూర అడుగంటుతది" అంది అత్త, గొంతు తగ్గించి.

"నీ కొడుకున్నడు గదా అత్తమ్మా" అన్నాను. ఆయన వైపు తిరిగి, "మౌనిక డాడీ, పొయ్యి జర నువ్వు చూడు" అన్నాను.

"పో డాడీ, పొయ్యి వంటింట్లనే ఉంటది" అంది మౌనిక. ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు ముందు ఏమీ అనలేక ఆయన లేచాడు.

లోపల గరిట కిందపడ్డ చప్పుడు. చెయ్యి కాల్చుకుంటాడని, రాత్రికి గొడవ చేస్తాడని, వచ్చినవాళ్లు నలుగురిలో చెప్పుకుంటారని ఒకదాని వెంట ఒకటి అనుకున్నాను. లేవలేదు. ఊపిరిని మెల్లగా, పొడుగ్గా వదిలాను.

కూర మాడింది. అందరూ తిన్నారు. ఏమీ కాలేదు.