ముగింపు తెలియని మనిషి

ఒంటె కుడి ముందరి కాలు మళ్ళీ విరిగింది. మేస్త్రి దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, విరిగినచోట గట్టిపడిన పాత జిగురును ఉలి మొనతో గీకుతున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ కాలు విరగడం ఇది ఐదోసారి. చేతికిచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని కాళ్ళు పట్టుకునే ఎత్తుతారు. ఒంటెను ఎరగనివాళ్ళకు చూపించడానికి చేసిన ఒంటె అది. చేసినవాడూ ఒంటెను ఎరగడు. క్యాలెండరు బొమ్మ చూసి చెక్కాడు. "జ్వరమొచ్చిన ఆవులా ఉంది" అని అతని భార్య అప్పుడే తేల్చేసింది.

అనువాద కార్యాలయం వెనక రేకుల షెడ్డు అతని పనిచోటు. గోడ పొడవునా అరలు. అరల్లో జానెడేసి, మూరెడేసి వస్తువులు: తిరగలి, కాడి, చేట, నూనె దీపం, తెడ్లేస్తున్న మనుషులతో పడవ, లంగరు, పశువుల తొట్టి. పరిశుద్ధ గ్రంథంలో ఉండి, దాన్ని చదవబోయేవాళ్ళ ఊళ్ళలో లేనివన్నీ అక్కడున్నాయి. మాట అందనిచోట వస్తువు చూపిస్తారు. ముప్పై ఒక్కేళ్ళుగా అతను చేస్తున్నది ఇదే. హాజరు పుస్తకంలో అతను వడ్రంగి, పిలుపులో బొమ్మల మేస్త్రి.

యాభై తొమ్మిదేళ్ళ పొట్టి మనిషి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. ఇంట్లో అతను లేచాక భార్య ఆ కుర్చీని చేత్తో ఒకసారి దులుపుతుంది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళుగా దులుపుతూనే ఉంది. వాళ్ళకు ఒక్కడే పుట్టాడు. పదకొండో నెలలో పోయాడు. అప్పటినుంచీ ఇంట్లో రెండే కంచాలు.

"ఇవాళైనా పెందరాళే రా," అంది ఆమె పొద్దున, డబ్బా చేతికిస్తూ. "నువ్వు లేకపోతే ఆ ఒంటేం బెంగపెట్టుకోదు."

"ఇవాళ ఆఖరి రోజు. వినే మనిషి వెళ్ళిపోతుంది."

"వినే మనిషి కోసం అంత దూరం ఎందుకు పోయారో. నన్నడిగితే నేను రాకపోదునా? ముప్పై నాలుగేళ్ళుగా వింటున్నదాన్ని."

అతను నవ్వాడు. కానీ ఆమె పనికిరాదు. ఆమెకు కథ తెలుసు.

ఎగువ ఊళ్ళ భాషలోకి గ్రంథాన్ని మార్చడానికి అనువాదకురాలికి పదకొండేళ్ళు పట్టింది. అచ్చుకు పంపేముందు ఒక నియమం ఉంది. ఆ కథ ఒక్కసారైనా చెవిన పడని మనిషిని తీసుకురావాలి. చదివి వినిపించాలి. విన్నది ఆ మనిషి తన మాటల్లో తిరిగి చెప్పాలి. రాబోయేది ఏమిటో ఎవరూ పొరపాటున కూడా నోరు జారకూడదు. ఆఖరి అధ్యాయం దాకా ఆ మనిషి తిరిగి చెప్పాకే తనిఖీ సారు సంతకం పెడతారు. లేకపోతే అచ్చు ఆగిపోతుంది, మళ్ళీ ఇంకో మనిషిని వెతకాలి. ఈ మనిషిని వెతకడానికే రెండేళ్ళు పట్టింది.

డెబ్బై దాటిన ముసలావిడ. అందరూ పెద్దమ్మా అంటున్నారు. సంతలో బేరమాడేంత కింది ఊళ్ళ భాష ఆమెకు వచ్చు. నాలుగు రోజులుగా గదిలో బల్లకు ఆ పక్కన కాళ్ళు పైకి ముడుచుకుని కుర్చీలో కూర్చుంటోంది. కథలోని ఆయన్ను ఆమె 'అబ్బాయి' అంటుంది. అబ్బాయి గాలివానలో పడవలో తలగడ వేసుకుని నిద్రపోయాడని చదివితే, "మా తమ్ముడూ అంతే, ఇల్లు కూలినా లేవడు," అని పడీపడీ నవ్వింది. అయిదువేల మందికి అన్నం పెట్టాక పన్నెండు బుట్టలు మిగిలాయంటే, "ఉత్త చేతులతో తినడానికొచ్చినవాళ్ళ దగ్గర పన్నెండు బుట్టలెక్కడివి?" అని నిలదీసింది. పిల్లల్ని అదిలించవద్దన్నాడని విని చాలాసేపు తలాడించి, "పెళ్ళయిందా అతనికి?" అని అడిగింది. తనిఖీ సారు అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నారు. తనను చంపుతారనీ, మూడో రోజున లేస్తాననీ అతను అన్న మాటలు చదివినప్పుడు మాత్రం ఆమె చెయ్యి విసిరింది. "కుర్రాళ్ళు అట్లాగే అంటారు. మా మనవడు అలిగినప్పుడల్లా చస్తానంటాడు."

బొమ్మలు అందించడానికి మేస్త్రి మూలన ఎత్తుపీట మీద కూర్చునేవాడు. ఆ కథ అతనికి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ప్రతి ఏడూ వింటాడు, ఒక్కోసారి సగంలో కునుకు తీస్తాడు. ఈమె వింటుంటే మాత్రం కునుకు రాలేదు.

ఒంటె కాలు అతికించి తాడు చుట్టి గదిలోకి వచ్చేసరికి పది దాటింది. అనువాదకురాలు చదవడం ఆపి, గోడవైపు చూపిస్తోంది.

"సిలువ అంటే అదే పెద్దమ్మా. ఆ గోడ మీద ఉందే, అదే."

పెద్దమ్మ తల తిప్పి చూసింది. టేకుతో చేసి నున్నగా మెరుగుపెట్టిన మూరెడు సిలువ. దాని ఒక చేతికి ఆమె గుడ్డసంచి వేలాడుతోంది. మొదటిరోజు వస్తూనే తగిలించింది. తీయమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఇదా? చిలక్కొయ్య అనుకున్నానే!"

తనిఖీ సారు దగ్గారు. మేస్త్రి నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాడు.

"మేస్త్రిగారే చేశారు," అంది అనువాదకురాలు.

"పని బాగుంది నాయనా. అంచులు చేతికి గుచ్చుకోవు." పెద్దమ్మ మళ్ళీ కాగితాల వైపు తిరిగింది. "మరి ఇందాక చదివారే, చిలక్కొయ్య మోయడానికి ఇంకో మనిషిని సాయం పట్టుకొచ్చారేమిటి? అంత చేతకానివాడా మా అబ్బాయి?"

ఎవరూ నవ్వలేదు. తనిఖీ సారు కలం మూత పెట్టారు.

"ఇలా కాదు మేస్త్రీ. అది దేనికో ఈవిడకు తెలియాలి. మనిషితో సహా చేసి పట్టుకురండి. భోజనాలయ్యాక చదువుదాం."

షెడ్డులో అతను మెత్తని కర్ర ముక్క ఎంచుకున్నాడు. సిలువ అరగంటలో అయిపోయింది. అతని చేతులకు దానికి కొలబద్ద అక్కర్లేదు. గోడలకు, తలుపులకు, మెళ్ళో తాళ్ళకు ఎన్ని వందలు చేశాడో. ఏ ఒక్కదాని మీదా మనిషిని పెట్టలేదు. ఎవరూ అడగలేదు.

పడవలో తెడ్డు వేసే మనిషిని ఊడదీశాడు. ఆ చేతులు తెడ్డును పట్టుకున్నట్టే ఉన్నాయి. కోసేసి కొత్త చేతులు చెక్కి, చాచి అతికించాడు. మేకులకు ముందుగా సన్నగా తొలవాలి, లేకపోతే కర్ర చీలుతుంది. బర్మా మొనను బొమ్మ అరచేతి మీద ఆనించి ఆగిపోయాడు.

అరచేతిలో కొడితే బరువు ఆగదు. చీలిపోతుంది.

అతను తన ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాడు. కుడిచేతి బొటనవేలితో అరచేతిని నొక్కాడు, కిందికి జరిపాడు. మణికట్టు దగ్గర రెండు ఎముకల మధ్య సందు తగిలింది. ఇక్కడైతే ఆగుతుంది. అంత బరువుకు మేకు జానెడైనా ఉండాలి. అడ్డదూలం సరిగ్గా కూర్చోవాలంటే నిలువుదానికి గాడి తియ్యాలి. ఎవరో తీశారు. ఎవరో కొలిచారు, చిత్రిక పట్టారో లేదో గానీ రంపం వేశారు, సాయంత్రానికి కావాలంటే సాయంత్రానికి ఇచ్చారు. తనలాంటివాడే ఒకడు.

అన్నం డబ్బా మూత తీయకుండానే గంట కొట్టారు.

పెద్దమ్మ బొమ్మను రెండు చేతులతో అందుకుంది. అందరిలా కాళ్ళు పట్టుకోలేదు. నడుం కింద చెయ్యి వేసి, పసిపిల్లను అందుకున్నట్టు అందుకుంది. దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని మూడు మేకులనూ ఒక్కొక్కటే చూసింది.

"ఇది అబ్బాయా?"

నియమం ప్రకారం జవాబు గ్రంథమే చెప్పాలి. అనువాదకురాలు చదివింది. ఆమె పదకొండేళ్ళలో ఆ పుటను వందసార్లు దిద్ది ఉంటుంది, గొంతు ఎక్కడా తడబడలేదు. మధ్యాహ్నపు చీకటి, ఒక కేక, పులిసిన ద్రాక్షరసంలో తడిపిన గుడ్డ. తరవాత ప్రాణం పోయిందన్న చిన్న వాక్యం. మేస్త్రికి చిన్నప్పటినుంచీ అలవాటైన వాక్యం.

పెద్దమ్మ నోరు తెరుచుకునే ఉంది.

"ఎవరికి?" అంది. "ఎవరి ప్రాణం?"

"మీరు విన్నది మీరే చెప్పాలి పెద్దమ్మా," అన్నారు తనిఖీ సారు మెల్లగా.

ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరి మొహంలోనూ తను వెతుకుతున్నది కనిపించలేదు.

"మీకు తెలుసా? అబ్బాయిని చంపేస్తారని మీకు ముందే తెలుసా?"

"తెలుసు," అంది అనువాదకురాలు.

"నాలుగు రోజులు నన్ను నవ్వనిచ్చారు. పెళ్ళయిందా అనడిగితే రాసుకున్నారు." ఆమె మూలకు తిరిగింది. "నీకూ తెలుసా నాయనా?"

మేస్త్రి తలూపాడు.

"ఎప్పట్నించి?"

"చిన్నప్పట్నించి."

"చిన్నప్పట్నించీ తెలిసే," ఆమె గోడవైపు చూసింది, "నువ్వు వీటిని అట్లా నున్నగా చేస్తున్నావా?"

అతని చెంపల మీద ఎవరో కొట్టినట్టయింది. 

"ఇంకో అధ్యాయం ఉంది పెద్దమ్మా," అన్నారు సారు. "కథ అయిపోలేదు. కూర్చోండి."

"చచ్చిపోయాక ఇంకేం కథ? నీ దగ్గర పట్టకారు ఉందా నాయనా?"

అతను జేబులోంచి తీసిచ్చాడు. ఆమె బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి, మొదటి మేకు పట్టి లాగింది. రెండోదీ వచ్చింది. పాదాల దగ్గరది రాలేదు. దాన్ని అతను గట్టిగా బిగించాడు. ఆమె లాగుతుంటే పట్టకారు జారి కర్రకు గాటు పడింది. మేస్త్రి లేచి వెళ్ళి సిలువను రెండువైపులా అదిమి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తీశారు.  ఆమె బొమ్మను పైబట్ట చివర చుట్టి చంకలో పెట్టుకుని, గోడ మీది సంచి తీసుకుంది.

అనువాదకురాలు ఇక ఉండలేకపోయింది. నియమం సంగతి మరిచి గుమ్మంలో ఆమె చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, ఆయన లేచాడు! మూడో రోజున మళ్ళీ బతికాడు. తనే చెప్పాడు కదా, మనం చదివాం కదా!"

పెద్దమ్మ ఆమె చెంప నిమిరింది.

"మంచిదానివమ్మా. మా ఆయన పోయినప్పుడు కూడా నాకు ఇట్లాంటివే చెప్పారు. మళ్ళీ వస్తానని చెప్పకుండా ఎవరు పోతారు?"

మేస్త్రి బస్సు ఆగేచోటి దాకా ఆమె వెంట నడిచాడు. రోడ్డు ఖాళీగా ఉంది. సిమెంటు బల్ల మీద ఆమె కూర్చుంది, అతను నిలబడ్డాడు. చెప్పాలి. మూడో రోజున బతికాడని, ఇంతకాలం ప్రతి వారం చర్చిలో లేచి నిలబడి నలుగురితో కలిసి పైకి పలికిన మాటే అది. కొడుకు పోయిన రోజు పెద్దలు ఇంటికొచ్చి, మళ్ళీ చూస్తావమ్మా వాణ్ణి అంటే భార్య గోడవైపు తిరిగి కూర్చుంది. అవునని అన్నది అతనే. ఆమె తరఫున కూడా అతనే అన్నాడు. అప్పుడు ఎంత సులువుగా వచ్చింది నోట్లోంచి.

"వాళ్ళమ్మ ఉందా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఆఁ?"

"అబ్బాయి వాళ్ళమ్మ. అప్పటికి బతికే ఉందా?"

"ఉంది."

"అయ్యో," అంది ఆమె. చంకలోని మూటను కొంచెం పైకి జరుపుకుంది.

బస్సు వచ్చింది. అతను ఆమెను మోచెయ్యి పట్టి ఎక్కించాడు. "పెద్దమ్మా, అది నిజ..." అన్నాడు. తలుపు మూసుకుంది. ఆమె కిటికీలోంచి అతన్ని చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టి వినబడలేదన్నట్టు తల అడ్డంగా తిప్పింది. బస్సు కదిలిపోయింది.

అతను తిరిగి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. తనిఖీ సారు నోటుపుస్తకం మూసి పెట్టి ఉంది. అనువాదకురాలు బయట కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూనే ఉంది. పట్టకారు తీసుకోవడానికి అతను బల్ల దగ్గరికి వెళ్ళాడు కానీ తీసుకోలేదు. ఆమె మేకులు మూడింటినీ వరసగా సర్ది పెట్టి వెళ్ళింది. వాటి పక్కన జానెడు సిలువ వెల్లకిలా పడి ఉంది, మూడు చిల్లులతో; కిందిదాని అంచున పట్టకారు జారి గీరినచోట కర్ర ఇంకా పచ్చిగా, తెల్లగా ఉంది.