సరాసరి గంట నీళ్ళు

నగరి పట్టణానికి దగ్గరలో ఒక మరమగ్గాల ఊరు. ఐదు వీధులు, ఒకటే నీళ్ళ ట్యాంకు. ట్యాంకు పక్క వీధిలో వాళ్ళు బిందె పొంగిపోతున్నా కూర్చున్న చోటి నుంచి లేవరు. చివరి వీధిలో ఉండే మునిరత్నమ్మ మాత్రం కుళాయి చప్పుడు వినబడగానే మగ్గం ఆపి పరుగెత్తాలి. రెండు బిందెలు నిండేసరికి నీళ్ళు ఆగిపోతాయి. మిగతావి రోడ్డు మీది బోరింగు నుంచి మోసుకోవాలి. కొడుకు నాయుడుపేట ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారానికొకసారి వస్తాడు. కోడలు చాందినికి ఏడో నెల. బరువులెత్తితే నెలలు నిండకుండానే కాన్పు అయిపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అత్తకేమో మోకాళ్ళ నొప్పులు. ఒకరు చూడకుండా ఒకరు బిందె తీసుకుని బయలుదేరేవారు.

ఒకరోజు పంచాయతీ వాళ్ళు ఆటోకు మైకు కట్టి చాటించారు. మన ఊరికి రోజుకు సరాసరి గంట నీళ్ళు వస్తున్నాయట. మునిరత్నమ్మకు సరాసరి అంటే నేరుగా అనే తెలుసు. బస్సు సరాసరి చిత్తూరు పోతుందంటారే, అలాగన్నమాట. ఇక నీళ్ళు ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికే గంటసేపు వస్తాయనుకుని, బిందెలతోపాటు పప్పుల డబ్బాలు కూడా కడిగి వరసగా పెట్టింది. ఆ రోజూ పది నిమిషాలే వచ్చాయి. మర్నాడు చాందిని బోరింగు దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. కడుపులో బిడ్డకేమీ కాలేదు గాని, మునిరత్నమ్మకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తిన్నగా పంచాయతీ ఆఫీసుకు పోయింది.

కార్యదర్శి రవిచంద్ర చెడ్డవాడు కాదు. లెక్కంటే ప్రాణం పెట్టేవాడు. సరాసరి అంటే నేరుగా కాదని నవ్వి, పుస్తకం తెరిచి చూపించాడు. ఐదు వీధులకు నూరు, తొంభై, డెబ్బై, ముప్పై, పది నిమిషాలు. మొత్తం మూడు వందలు. ఐదుతో భాగిస్తే అరవై. గంటకు తక్కువ వచ్చే ఊళ్ళకే కొత్త పైపులైను ఇస్తారనీ, అందుకే ఈ ఊరు జాబితాకు ఎక్కలేదనీ చెప్పాడు.

"లెక్క సరిగ్గానే ఉండాదా సార్?"

"ఉండాదమ్మా. రెండుసార్లు చూసినాను."

"అయితే ఆ గంట నీళ్ళు ఏ వీధికి వస్తాండాయో చెప్పు సార్. ఆడికే పోయి పట్టుకుంటాను."

రవిచంద్ర వేలు కాగితం మీద పైనుంచి కిందికి జరిగింది. గంట వచ్చే వీధి ఊళ్ళో ఒక్కటీ లేదు.

"మగ్గం మీద పడుగు దారాలు ఒక పక్క బిర్రుగా, ఇంకో పక్క వదులుగా ఉంటే, రెండూ కలిపితే సరిపోయిందిలే అని మేము నేస్తామా సార్? బట్టంతా ముడతలు పడిపోతాది" అంది మునిరత్నమ్మ.

ఆమె బడికి పోయింది మూడో తరగతి వరకే. రవిచంద్ర డిగ్రీ లెక్కల్లోనే చేశాడు. సిగ్గుపడ్డాడు, అది అతని మంచితనం. ఆ సాయంత్రమే కొత్త పట్టిక రాశాడు. వీధుల్ని తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి, సరాసరి పక్కనే అతి తక్కువ పది, అతి ఎక్కువ నూరు అని చేర్చి చిత్తూరులోని జిల్లా ఆఫీసుకు పంపాడు.

వారం తిరక్కుండా ఇంజనీరు ప్రసూనాంబ వచ్చారు. కొత్త పైపు వచ్చే దాకా ఆగక్కర్లేదని, వీధికొక వాల్వు పెట్టించి, ఒక్కో వీధికి గంట చొప్పున వంతులు వేయించారు. తొమ్మిదో నెల వచ్చేలోగా చాందిని బిందె మోయడం మానేసింది. ట్యాంకు పక్క వీధివాళ్ళు తమకు నీళ్ళు తగ్గాయని గొడవకు వచ్చారు. సరాసరి మునుపూ గంటే, ఇప్పుడూ గంటే, మరి మార్చడం దేనికని నిలదీశారు.

ప్రసూనాంబ నిదానంగా జవాబిచ్చారు.

"సరాసరి తీయడం తప్పు కాదప్పా, అక్కడితో ఆగిపోవడం తప్పు. అందరికన్నా తక్కువ ఎవరికి అందిందో కూడా చూస్తేనే లెక్క పూర్తయినట్టు. నీళ్ళను కలిపి భాగించొచ్చు గాని, దప్పిక ఎవరిది వాళ్ళకే ఉంటుంది."