ఒక్క రోజు సున్నం పని

పడమటి బురుజుకు పట్టిన సిమెంటును పగలగొట్టే పని చివరికి మేస్త్రమ్మ నెత్తినే పడింది. ముప్పై ఏళ్ల క్రితం ఆ సిమెంటు వేసింది ఎవరో కాదు, ఆమె కన్నతండ్రి. వందల ఏళ్ల నాటి కోట కూలిపోకుండా నిలబెట్టిన మొనగాడని ఊరంతా ఆయన్ని పెద్దమేస్త్రి అని పిలిచింది. ఇప్పుడాయనకు చూపు లేదు, మంచం దిగలేడు. పలకరించడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు ఎంత ఆవలించినా, ఆ బురుజు కథ మొదటినుంచీ చెప్పందే వదలడు. ఆ ఒక్క ముచ్చటా లాగేసుకుంటే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది? అందుకే కూతురు రోజూ అబద్ధమాడుతోంది.

కోట బాగుచేయించడానికి వచ్చిన నిపుణురాలు మొదటిరోజే చెప్పింది. "పాత గోడ సున్నంతో కట్టారమ్మా. అందులోకి దిగిన తడి మళ్లీ బయటికొచ్చేస్తుంది. సిమెంటు వేశాక దానికి దారి లేకుండా పోయింది. లోపల రాయి నానిపోయింది."

"మా నాన్న పని మీద చెయ్యేసి చూడండి, అప్పుడు మాట్లాడండి," అని మేస్త్రమ్మ కస్సుమంది. కోపంగానే ఉలి పెట్టి కొట్టింది. సిమెంటు పలక చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. దాని వెనక రాయి మాత్రం పిండిలా జలజలా రాలింది.

ఆ సాయంత్రం నుంచీ తండ్రి అడగడం, ఆమె బొంకడం.

"ఇవాళెక్కడే పని?"

"తూర్పు వాకిలి దగ్గర నాన్నా. సున్నం నూరుతున్నాం."

నాలుగో రోజు ఆయన చెయ్యి చాపాడు. కూతురి వేళ్లు ఒక్కొక్కటే తడిమి, గోళ్ల సందుల్లో గీరాడు.

"సున్నం నూరే చేతికి సిమెంటు రవ్వ ఎక్కడిదే? నలభై ఏళ్లు పట్టిన సరుకు, నాకు తెలీదనుకున్నావా?"

మేస్త్రమ్మ బావురుమంది. "నీ సిమెంటు చెక్కుచెదరలేదు నాన్నా. వెనకున్న రాయే పోయింది."

ఆయన, తనది కాని గోడ గురించి చెబుతున్నట్టు, "కిందనుంచి కొట్టుకుంటూ రా. పైనుంచి కొడితే మిగిలిన రాయి కూడా దెబ్బతింటుంది," అన్నాడు. కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "రెండో కిటికీ పక్కన చూసి కొట్టు. ఒకరోజు సిమెంటు బస్తాలు రాలేదు. మా నాన్న నేర్పినట్టు సున్నం కలిపి బారెడు మేర కట్టేశాను. ఆఫీసరు చూస్తే పాతకాలం వాడినంటాడని సిగ్గేసి, పైన పల్చగా సిమెంటు పాలు పూశాను. ఆ పూత ఈపాటికి వానలకు పోయుంటుంది. అదైనా నిలిచిందేమో చూసి చెప్పు."

మర్నాడు మేస్త్రమ్మ రెండో కిటికీ పక్కన పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెతికింది. రాయి రాయినీ సుత్తితో తట్టి విన్నది, సందుల్ని గోటితో గీకింది, నీళ్లు చల్లి రంగు చూసింది. అంతా గట్టిగానే ఉంది, అంతా పాతదిలాగే ఉంది.

"చిన్న ముక్క పగలగొట్టి పరీక్షకు పంపితే ఏది ఎప్పటిదో తెలిసిపోతుంది," అంది నిపుణురాలు.

"వద్దండీ," అంది మేస్త్రమ్మ. "దాన్ని మాత్రం కొట్టొద్దు."

ఆ సాయంత్రం గడపలో అడుగు పెట్టకముందే తండ్రి గొంతు వినిపించింది. "నిలిచిందా?"

"నాకు దొరకలేదు నాన్నా. కిటికీ పక్కనంతా గట్టిగానే ఉంది. ఏది ఆనాటి వాళ్లదో, ఏది నీదో నాకు తెలీలేదు."

ఆయన ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. మరుక్షణం గోడవైపు తిరిగిపోయాడు. మేస్త్రమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"మిగతా రోజులు కూడా అలాగే సున్నంతో కట్టుండాల్సిందే," అన్నాడు. "నాకు వచ్చిన పనే కదమ్మా అది."