గ్వెండా అలక

హిలరీ తోటలో ఉన్న నూట ఎనభై రకాల స్నోడ్రాప్ మొక్కల్లో పేరుబిళ్ల లేనిది ఒక్కటే. ఫిబ్రవరి చలిలో, తడి నేల మీద మోకాళ్లూని, తల వంచుకున్న ఆ తెల్లపువ్వును వేలితో పైకెత్తి చూశాను. లోపలి రేక మీద రెండు ఆకుపచ్చ చుక్కలు, వాటి కింద ఒక అడ్డగీత.

ఆ దుంప మాది. మా ఆయన రాల్ఫ్ గింజ నాటి పెంచాడు. అలిగినప్పుడు నా మొహం అచ్చం అంతేనని దానికి 'గ్వెండా అలక' అని పేరు పెట్టాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది తోట చూడ్డానికి మా ష్రాప్‌షైర్ జిల్లా నలుమూలల నుంచీ జనం వచ్చారు. మర్నాడు చూస్తే ఆ చోట గుంట మిగిలింది. ఆయన చేత్తో పెంచింది నాకింకేదీ లేదు. ఆ రోజు చేతిసంచీతో వచ్చింది హిలరీ ఒక్కతే. అప్పటినుంచి నాలుగేళ్లుగా ఆవిడతో మాటల్లేవు. ఇవాళ తన తోట చూడ్డానికి ఆవిడ అందరినీ పిలిస్తే, వాళ్లతోపాటు నేను వచ్చింది కూడా ఆవిడ కేకు కోసమేం కాదు.

"దీని పేరేంటి?" అన్నాను.

"ఏదో మామూలుదేలే," అంది హిలరీ, చూపు పక్కకి తిప్పేసి. "అందరూ లోపలికి రండి, టీ చల్లారిపోతుంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

స్నోడ్రాప్ పిచ్చివాళ్లం మేం అరుదైన దుంప పేరు పైకి కనబడనీయం. దొంగల భయంతో బిళ్లని దాని అడుగునే పాతేస్తాం. రాల్ఫ్ కూడా అంతే. దుంపతోపాటు ఆయన బిళ్ల కూడా ఇక్కడికి వచ్చి ఉంటే హిలరీ దొరికిపోయినట్టే. అందరూ లోపలికెళ్లగానే మట్టిలోకి వేళ్లు దూర్చాను.

బిళ్ల తగిలింది. రాల్ఫ్ రాతే.

"గ్వెండా అలక. సగం హిలరీకి. మా దగ్గర పోతే ఇందులో సగం గ్వెండాకి."

కింద వేసిన తేదీ దొంగతనానికి మూడేళ్ల ముందుది.

"పైకి చదువు, నేనూ వింటాను," అంది హిలరీ. రెండు కప్పులతో నా వెనకే నిలబడి ఉంది.

తేలు కుట్టిన దొంగలా మట్టిచేతులు వెనక్కి దాచుకున్నాను. "ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదు?" అన్నాను.

"రెండుసార్లు తెచ్చాను తల్లీ. ఒకసారి తలుపు తియ్యలేదు. రెండోసారి కుక్కని వదిలావు."

"మరి ఇందాక మామూలుదన్నావు?"

"నీ వెనక ముగ్గురు చెవులొగ్గి వింటున్నారు. వాళ్ల చేతుల్లోనూ సంచులున్నాయి."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. నాలుగేళ్లు ఈ మనిషిని దొంగని చేసి ఊరంతా చెప్పుకున్నాను. హిలరీ గుబురు తవ్వి, రెండుగా విడదీసి, సగం తడి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"మిగతాది నీ దగ్గరే ఉంచు," అన్నాను. "మళ్లీ నా దగ్గర పోతే..."

"పోతే కబురు పెట్టు. ముందు కుక్కని కట్టెయ్యి."